మళ్ళీ చెప్పండి

షేర్ మార్కెట్ తెరవడానికి ఇంకా ఏడు నిమిషాలుంది. అతను రోజూలాగే కుర్చీని గోడవైపు మరో జానెడు జరపబోయి ఆగిపోయాడు. ఆ సందులో ఇవాళ తనిఖీకి వచ్చిన ఆవిడ స్టూలు వేసుకుని కూర్చుంది.

కుడిపక్కన గోడ తప్ప మనిషి లేకుండా చూసుకోవడం ఆరేళ్ళుగా అతని మొదటి పని. ఆ చెవి పోయి ఆరేళ్ళయింది. ఎడమదీ ఈమధ్య అంకెల్ని కొరుక్కుతింటోంది. ఫోన్లో ధరలు విని షేర్లు కొని అమ్మే మనిషికి చెవి లేదంటే ఆ సాయంత్రమే ఇంటికి పంపేస్తారు. అందుకే డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో భార్య ఏమడిగినా "సరే" అంటాడు. అలాంటి ఒక సరే పుణ్యాన బావమరిది వారం రోజులకని వచ్చి మూడు నెలలుగా సోఫా వదలడం లేదు. పిలిస్తే పలకని మొగుడి మీద అనుమానం పుట్టి ఆమె చొక్కా జేబులు వెతకడం మొదలుపెట్టింది. అతనూ తక్కువ తినలేదు. హాల్లో ఎవరు నవ్వినా తన గురించేనని కుమిలిపోతాడు.

ఆఫీసులో అతని పేరు మళ్ళీగారు. ధర చెప్పగానే "మళ్ళీ చెప్పండి" అంటాడని. తనిఖీ ఆవిడ నాలుగు రోజులపాటు అతని ఫోన్ల రికార్డులు విని, ఇంకెవరూ ఇలా అడగడం లేదనీ, ఆ రెండు క్షణాల్లో బయట ఎవరికో ఉప్పందుతోందనీ తేల్చింది. ఆ మాట మేనేజరు పొద్దున్నే అతని చెవిన వేశాడు, అదృష్టవశాత్తూ ఎడమ చెవిన.

పదకొండున్నరకు రోజూ మాట్లాడే బ్రోకరు ఫోన్ చేసి షేర్లు కావాలన్నాడు. ఇరవై వేలు అన్నట్టు వినిపించింది. "మళ్ళీ" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ పెన్ను కాగితం మీద సిద్ధంగా ఉంది. మాట మింగేసి, "ఇచ్చేశాను" అన్నాడు. చీటీ మీద ఇరవై వేలు అని రాసుకున్నాడు.

మూడింటికి ఇరుపక్షాల చీటీలు సరిచూస్తే బ్రోకరు దగ్గర అరవై వేలుంది. లేని నలభై వేల షేర్లు అమ్మేసినట్టయింది. ఈలోగా ధర ఎగబాకింది. అవి కొని ఇచ్చేసరికి కంపెనీకి చేతిచమురు బాగానే వదిలింది.

ఆవిడ ఏదో అడిగింది. అతను చీటీ చూస్తూ కూర్చున్నాడు. ఆఫీసు హాల్లో తలలన్నీ ఇటు తిరగడం చూసి, అప్పుడు ఆవిడ వైపు తిరిగాడు.

"ఎవరికోసం చేశారండీ? ఆ బ్రోకరు మీకేమవుతాడు?"

నోరు మెదపకపోతే బ్రోకరు కూడా దొంగవుతాడు. ఆరేళ్ళుగా, ఎన్నిసార్లడిగినా విసుక్కోకుండా చెప్పిన మనిషి ఆయన.

"ఇటువైపొచ్చి అడగండమ్మా. ఆ చెవి పనిచేయదు. ఈ చెవికి ఇరవయ్యీ అరవయ్యీ ఒకటే. ఆయన అరవై అనే అనుంటాడు."

ఆవిడ నమ్మలేదు. ఇది ఇంకో ఎత్తేమో అనుకుంది. అతను చీటీలు సర్దుకుంటుంటే గోడవైపు నుంచి వంగి, మామూలు గొంతుతోనే, "మీ ఉద్యోగం పోయినట్టేనండీ" అంది. హాలంతా విన్నది. అతను చీటీల కట్టకు రబ్బరుబ్యాండు వేస్తూనే ఉన్నాడు. ఆవిడ మొహం పాలిపోయింది.

తర్వాత మేనేజరు ఎడమవైపొచ్చి అదే మాట ఇంకాస్త మర్యాదగా చెప్పాడు. అతను తలూపాడు. ఇంటికెళ్ళి ముందు ఏం చెప్పాలో, భార్య నమ్ముతుందో లేదో అనుకుంటూ కోటు చేతిమీద వేసుకుని నడిచాడు. ఇద్దరు ముగ్గురు వెనకనుంచి పిలిచారు. లిఫ్టు తలుపు మూసుకుంది.

ఆవిడ ఖాళీ కుర్చీలో కూర్చుంది. బల్లకు రెండు వైపులా రెండు ఫోన్ రిసీవర్లున్నాయి. ఎడమదాని నలుపు పట్టుకుని పట్టుకుని తెల్లబడింది. కుడిదాని మీద, కొన్ననాటి ప్లాస్టిక్ పొర ఇంకా ఊడదీయకుండా అలాగే ఉంది.