కులిపా అక్క మెచ్చుకున్న రోజు

నా నోరు మంచిది కాదు. బాత్మా నోట్లో నోరు పెట్టొద్దని ఊళ్ళో ఎవరినడిగినా చెప్తారు. అరవై ఆరేళ్ళొచ్చినా అది తగ్గలేదు, ఇక తగ్గేదీ లేదు. మా ఆయన బతికున్నన్నాళ్ళూ భరించాడు, పాపం. ఈ నోటితో ఎన్ని మాటలని ఉంటానో లెక్కే లేదు. కానీ ఒక మాట అన్నందుకూ, ఇంకో మాట అనాల్సినప్పుడు అననందుకూ ఇవాళ్టికీ ఏడుస్తున్నాను. రెండూ సైరాష్ విషయంలోనే.

నిరుడు జూన్‌లో గొర్రెల బొచ్చు కత్తిరించాక మేం ఆరుగురం ఎప్పటిలాగే కులిపా అక్క ఇంటి ముందు చేరాం. మా కొండ ఊళ్ళో తివాచీకి ఉన్నిని నేయం. రెల్లు చాప మీద పరిచి, మరిగే నీళ్ళు పోసి, చాపతో సహా చుట్టి, తాడు కట్టి దొర్లిస్తాం. తర్వాత చాప తీసేసి, మళ్ళీ మళ్ళీ వేడినీళ్ళు పోసుకుంటూ, వరసగా మోకాళ్ళ మీద కూర్చుని ముంజేతులతో అదుముతాం. రొమ్ము ఆనించి, ఒంటి బరువంతా వేసి, ఆరుగురం ఒకే ఊపులో ముందుకీ వెనక్కీ కదలాలి. ఒక్కరు బద్ధకించినా అక్కడ ఉన్ని వదులుగా ఉండిపోతుంది, తివాచీ రెండేళ్ళకే చిరుగుతుంది. ఎవరు బరువు వేయడం లేదో పక్కనున్న మనిషికి ఇట్టే తెలిసిపోతుంది.

నా పక్కన సైరాష్. ముప్ఫై తొమ్మిదేళ్ళుగా నా పక్కన ఆమే. ఆ రోజు చేతులైతే ఆనించింది గానీ ఒంటిని పైకెత్తి పట్టుకుంది.

"ఏమే సైరాష్, ఉన్ని అదుముతున్నావా, పిల్లిని నిమురుతున్నావా?" అన్నాను. అందరూ నవ్వారు. నవ్వు వినపడితే నేను ఆగుతానా? "పనిదొంగా! అరవై మూడేళ్ళకే ఒళ్ళు దాచుకుంటున్నావు. కులిపా అక్కని చూడు, డెబ్బై నాలుగేళ్ళు, ఎద్దులా అదుముతోంది."

"ఎద్దని ఎవర్నే అంటున్నావు? నీ నోట్లో ఈ ఉన్ని కుక్కుతా," అంది కులిపా అక్క తలెత్తకుండానే.

సైరాష్ పళ్ళు బిగించి రొమ్ము ఆనించింది. సాయంత్రం దాకా అదిమింది. ఆ వేసవంతా అదిమింది. చూశారా నా మాటకి ఎంత విలువో అని నేను లోలోపల మురిసిపోయాను కూడా. ఛీ, నా బతుకు.

ఆగస్టు చివర్లో ఊరి స్నానాల ఇంట్లో విషయం బయటపడింది. గురువారాలు అది ఆడవాళ్ళది, ఒకరి వీపు ఒకరం తోముకుంటాం. సైరాష్ రెండు నెలలుగా ఏదో ఒక వంక చెప్పి రావడం మానేసింది. ఆ గురువారం నేనే వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆవిరిలో కూర్చుని కూడా ఒంటి మీది తువ్వాలు తీయదే!

"నేను చూడనిది నీ దగ్గర ఏముందే? నీ నలుగురు పిల్లల్ని ఈ చేతులతోనే పట్టుకున్నాను," అని లాగేశాను.

కుడి రొమ్ము పక్కన చర్మం లోపలికి లాక్కుపోయి ఉంది, ఎవరో లోపలి నుంచి దారంతో బిగించి కుట్టినట్టు.

"ఎప్పట్నించి?"

"మంచు కరిగినప్పట్నించి. చిన్న గడ్డే అక్కా. నొప్పేం లేదు, అదిమినప్పుడే కొంచెం..."

"జూన్‌లో ఉందా?"

తువ్వాలు మళ్ళీ మీదికి లాక్కోబోయింది.

"ఉందా అని అడుగుతున్నాను!"

"పనిదొంగ అన్నావు కదా," అంది మెల్లగా. "నలుగురిలో అన్నావు."

సైరాష్ మొగుడు అసన్‌కుల్ అప్పటికి ఇరవై రోజులుగా ఎలుగుబంటి కొవ్వు రాయిస్తున్నాడట. చలి పట్టిందని ఆయన తీర్మానం. మా ఊళ్ళో ఏ రోగమొచ్చినా ముందు చలే పడుతుంది. ఆయనతో వాదించకుండా మర్నాడే ఆమెని వ్యానెక్కించి జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ ఆమెకి అక్కనని చెప్పాను. ముక్క తీసి పరీక్షకి పంపారు. పది రోజులు పోయాక మళ్ళీ వెళ్ళాం. డాక్టరు సైరాష్‌ని బయట కూర్చోమని నన్ను లోపలికి పిలిచాడు. మా దగ్గర అంతే, పెద్ద జబ్బయితే రోగికి చెప్పరు, ఇంటివాళ్ళకి చెప్తారు.

"క్యాన్సర్," అన్నాడు. "నెల లోపల రాజధాని బిష్కెక్ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించండి. ఆవిడకి చెప్పడమా మానడమా అన్నది మీ ఇష్టం."

మా అమ్మకి కూడా మేం చెప్పలేదు. కడుపులో పుండన్నాం. ఆఖరి రోజు దాకా అమ్మ ఆ పుండుకి మందు తాగుతూనే ఉంది, తగ్గాక చెల్లెలి ఊరెళ్తానని సంచి సర్దుకుంటూనే ఉంది. మంచి పని చేశామనే అనుకున్నాను, ముప్ఫై ఏళ్ళు.

బయటికొచ్చేసరికి సైరాష్ బెంచీ మీద కూర్చుని ఉడికించిన గుడ్డు ఒలుస్తోంది. ఒలిచి నాకందించింది. "పొద్దున్నించి ఏమీ తినలేదు నువ్వు. ఏమన్నాడక్కా?"

"చలి పట్టిందంట," అన్నాను. "మందులు రాశాడు."

"అయ్యో, అయితే ఆయన చెప్పిందే నిజమన్నమాట. ఇక నన్ను బతకనివ్వడు," అని నవ్వింది.

సాయంత్రం అసన్‌కుల్‌ని కట్టెల కొట్టం వెనక్కి పిలిచి చెప్పాను. ఆయన టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"చెప్పొద్దు వదినా, నీ కాళ్ళు పట్టుకుంటాను. మా అన్నని కూడా కోశారు, పెట్టెలో తెచ్చి ఇచ్చారు. ఆ మాట వింటే చాలు, భయంతోనే పోతుందది. బంగాళాదుంపలు తవ్వడం కానీ. నేనే తీసుకెళ్తాను."

బంగాళాదుంపలయ్యాయి. ఎండుగడ్డి ఇంటికి చేరనీ అన్నాడు. గడ్డి చేరింది. కొండ మీంచి పశువులు దిగనీ అన్నాడు. ప్రతిసారీ నేను తలూపాను. ఊరందరి మీదా లేచే నా నోరు, ఏడుస్తున్న ఆ మనిషి ముందు పడిపోయింది. ఆయన భయం నాకూ పట్టుకుంది. ఇంకా చెప్పాలంటే, ఆమెకి చెప్పాల్సిన పని తప్పినందుకు నాకు హాయిగానే ఉండేది.

కులిపా అక్కకి, మిగతా ముగ్గురికి నేనే చెప్పాను. అందరం కలిసి ఆమెకి తెలియకుండా చూసుకోవడంలో పడ్డాం. ఒకరు ఆవు పాలు పితికేవాళ్ళు, ఒకరు నీళ్ళు మోసేవాళ్ళు, నేను రొట్టెలు కాల్చి ఇచ్చేదాన్ని. బరువు ఎత్తనిచ్చేవాళ్ళం కాదు. ఆమె మీద ఒక్క ఎకసెక్కెం ఆడేవాళ్ళం కాదు. ఎంత ప్రేమగా చూసుకున్నామో చెప్పలేను. పిచ్చి మొహాలం.

అక్టోబరులో, అదిమి ఆరబెట్టిన ఉన్నిని ముక్కలు కోసి తివాచీగా కుట్టడానికి కులిపా అక్క ఇంట్లో కూర్చున్నాం. కుట్టు విషయంలో కులిపా అక్క రాక్షసి. సైరాష్ కుట్టు మొదట్నించీ వంకరే. ముప్ఫై తొమ్మిదేళ్ళలో ఆమె కుట్టిందేదీ కులిపా అక్క ఒక్కసారైనా విప్పించకుండా వదల్లేదు. ఆ రోజు సైరాష్ ఒక అంచు పూర్తిచేసి అలవాటు ప్రకారం చూపించింది. కులిపా అక్క దాన్ని చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది.

"బాగుందే తల్లీ," అంది. "చక్కగా కుట్టావు."

సైరాష్ ఆ అంచు వైపు చూసింది. మూరెడు పొడవున పాము పాకినట్టుంది. మా అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. మేం తలలు వంచుకున్నాం. ఆమె సూది తీసి ఉన్నిలో గుచ్చి పెట్టింది.

"కులిపా అక్కా, నేను ఎప్పుడు చస్తున్నాను?" అని అడిగింది.

ఆ ముసలిదాని కళ్ళల్లో నీళ్ళు చూడటం నాకదే మొదటిసారి. సైరాష్ నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పక్కా. డాక్టరు గదిలోకి వెళ్ళింది నువ్వు."

చెప్పాను. ఏదీ దాచకుండా మొత్తం చెప్పాను. ఆమె కదలకుండా విన్నది.

"ఎంత లోపల కోయాలన్నాడు?"

"నెల లోపల."

"ఎన్నాళ్ళయింది?"

"అయిదు వారాలు."

"నలుగురిలో నన్ను పనిదొంగ అనడానికి నీకు నోరొచ్చింది," అంది సైరాష్. "దీనికి రాలేదా అక్కా?"

చెంప మీద కొట్టినా బావుండేది. ఆమె లేచి శాలువా కప్పుకుని ఇంటికి బయల్దేరింది. మేమంతా వెనకాలే వెళ్ళాం. అసన్‌కుల్ గేటు దగ్గరే ఉన్నాడు. మా మొహాలు చూడగానే ఆయనకి అర్థమైపోయింది.

"నువ్వు వెళ్ళడానికి వీల్లేదు," అన్నాడు. "కోస్తే నువ్వు తిరిగి రావు."

"కోయకపోతే ఉంటానా?"

"సైరాష్..."

"నలభై ఒక్క ఏళ్ళు కూరలో ఉప్పు కూడా నువ్వు చెప్పినంతే వేశాను. ఈ రొమ్ము నాది. దీని సంగతి నేను చూసుకుంటాను. తప్పుకో."

ఆయన తప్పుకోలేదు. అక్కడే గేటుకి ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. "ఒక్కణ్ణే ఎట్లా ఉండను? ఆవుని కూడా నేను..." అంటున్నాడు.

"పితకడం నేర్చుకోరా మరి," అంది కులిపా అక్క. "మేమెవరం రాం. చేతులున్నాయిగా నీకు!"

మా దగ్గర మగవాళ్ళు పాలు పితకరు. మర్నాడు పొద్దున ఆయన వెళ్తే ఆవు ఒక్క తన్ను తన్నిందట. రెండోరోజు భార్య కోటు తొడుక్కుని, ఆమె తలగుడ్డ కట్టుకుని వెళ్ళాడు, వాసనకైనా లొంగుతుందని. లొంగింది. గోడ మీంచి చూసిన కులిపా అక్క నవ్వలేక చచ్చానని తర్వాత చెప్పింది.

బిష్కెక్‌కి సైరాష్‌తో నేనే వెళ్ళాను. ఆమె వద్దనలేదు. తిట్టలేదు కూడా. ఆరు గంటల ప్రయాణంలో కిటికీ సీటు నాకిచ్చింది, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చింది, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడింది. ఒక్క తిట్టు కోసం నా ప్రాణం లాగేసింది.

అక్కడి పెద్ద ఆసుపత్రిలో ఒక కుర్ర డాక్టరమ్మ అన్నీ చూసి, "రోగి బయట కూర్చోండి, బంధువు ఒకసారి రండి," అంది. సైరాష్ అలవాటుగా లేవబోయింది. నేను భుజం నొక్కి కూర్చోబెట్టాను.

"ఆవిడకీ చెవులున్నాయమ్మా," అన్నాను. "ఆవిడకే చెప్పండి."

డాక్టరమ్మ కుర్చీ సైరాష్ వైపు తిప్పుకుని చెప్పింది. చంకలోకి పాకింది. రొమ్ము తీసేయాలి, చంకలోనూ తీయాలి. ఆ తర్వాత మందులెక్కించాలి. కుడి చేత్తో ఇక బరువు పని చేయకూడదు.

"అయిదు వారాల ముందు వచ్చుంటే?" అడిగింది సైరాష్.

"ముందొస్తే ఎప్పుడూ మంచిదే. పాకేదా లేదా అన్నది నేను చెప్పలేను."

అదీ సంగతి. ఎవరూ చెప్పలేరు. నేను చచ్చేదాకా ఆ ప్రశ్న నాతోనే ఉంటుంది.

ఆపరేషనయ్యాక నాలుగోరోజు అసన్‌కుల్ వచ్చాడు. తను పితికిన పాల మీగడ సీసాలో పోసుకుని తెచ్చాడు. సైరాష్ ఎడంచేత్తో చెంచా పట్టుకుని రుచి చూసి, "ఆవు వెంట్రుకలు కూడా వేశావా?" అంది. ఆయన ఏడుస్తూ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది, కట్టు పట్టుకుని. నేను మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాను. నా వైపు చూసినప్పుడు ఆ నవ్వు ఆగిపోయింది.

చలికాలమంతా మందులు ఎక్కించారు. ఒక్కో నెల ఒక్కొక్కరం ఆమెతో బిష్కెక్ వెళ్ళొచ్చాం. జుట్టంతా రాలితే కులిపా అక్క టోపీ అల్లింది, కుట్లు లెక్కపెట్టి మరీ. నేను రోజూ సూప్ తీసుకెళ్ళేదాన్ని. "నీకు శ్రమ అక్కా, దేవుడు నిన్ను చల్లగా చూడాలి," అనేది. ఆ దీవెన వింటే నాకు ఒళ్ళు మండేది. గిన్నె కడిగి, అందులో నాలుగు ఎండు ఆప్రికాట్లు వేసి తిరిగిచ్చేది. ఎవరికి ఇస్తావే ఆప్రికాట్లు, పరాయిదానికా?

ఈ జూన్‌లో మళ్ళీ బొచ్చు కత్తిరించాం. చాప పరిచి దొర్లించాం. సైరాష్ వచ్చింది. కుడి చెయ్యి వాచి ఉంది, టోపీ కింద జుట్టు వేలెడు కూడా పెరగలేదు. చిన్న పీట వేసుకుని ఎడంచేత్తో వేడినీళ్ళ కెటిల్ పట్టుకుని కూర్చుంది. మేం అయిదుగురం మోకాళ్ళ మీద వరసగా కూర్చున్నాం. నా పక్క చోటు ఖాళీ. జరగమని ఎవరూ అనలేదు, నేనూ జరగలేదు. చేతులు ఆనించాను గానీ బలం రాలేదు. ఆ ఖాళీ వైపే చూస్తున్నాను.

"బాత్మా అక్కా!"

తలెత్తాను.

"ఉన్ని అదుముతున్నావా, పిల్లిని నిమురుతున్నావా?"

అందరూ ఆగిపోయారు. సైరాష్ మొహంలో నవ్వు లేదు. నిరుటి జూన్ నుంచి దాచిన కోపమంతా ఉంది. అది చూశాక నాకు ఊపిరాడింది.

"నిన్నే! పనిదొంగా! నా చోటు కూడా నువ్వే అదమాలి ఇక. ఒళ్ళు దాచుకోకు," అంటూ నా ముంజేతుల పక్కనే మరిగే నీళ్ళు పోసింది. కాలింది. కాలనీ అనుకున్నాను. రొమ్ము ఆనించి, ఇద్దరి బరువూ వేసి అదిమాను. కన్నీళ్ళు ఉన్నిలో పడుతున్నాయి.

"ఆ ఏడుపు అవతలికెళ్ళి ఏడువ్, ఉన్ని పాడవుతుంది," అంది కులిపా అక్క, తనే ముక్కు ఎగబీలుస్తూ.

జూలైలో మళ్ళీ బిష్కెక్ వెళ్ళాలి. అన్ని పరీక్షలూ చేసి, ఉందో పోయిందో కాగితం మీద రాసిస్తారట. వంతు ప్రకారం నేను వెళ్ళాల్సిన నెల కాదది. అయినా నన్నే రమ్మంది. ఆమె కళ్ళజోడు చలికాలంలో విరిగిపోయింది, నాది ఆమెకి సరిపోతుంది. మర్చిపోకుండా తెమ్మంది. కాగితం ముందు తనే చదువుతుందట.