కత్తెరకు పెట్టిన పేరు

నా పాస్‌వర్డ్ ఆర్ద్ర పేరు. పేరు, దాని పక్కన ఆమె పుట్టినరోజు. తొమ్మిదో తరగతిలో మా కంప్యూటర్ టీచరు సుధీర్ మాష్ కంప్యూటర్ గదిలో మా అందరిచేతా ఖాతాలు తెరిపించినప్పుడు, పక్క కుర్చీలోంచి ఆర్ద్ర తొంగి చూసి, "పిచ్చి మొద్దూ, తాళంగా నన్నే పెట్టుకున్నావా!" అని నవ్వింది. ఆ నవ్వుకి నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. దొంగ చేతికి తాళమిచ్చినవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. దొంగ పేరునే తాళం చేసుకున్నది మాత్రం కన్నూర్ జిల్లా మొత్తంలో నేనొక్కదాన్నే అయివుంటాను.

మాష్ ఆ రోజు మంచి పాఠమే చెప్పారు.

"ఈ కాలం పిల్లలకి మీట నొక్కడం రావడం గొప్ప కాదర్రా. అది మా మూడేళ్ళ దానికీ వచ్చు. తెలియనిది తెలిసినవాళ్ళని అడగడం రావాలి. విన్నది నిజమో కాదో చూసుకోవడం రావాలి. ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్ళ పేరు రాయడం రావాలి. తాళం ఎవరికీ ఇవ్వకుండా ఉండటం రావాలి."

నాలుగూ నోట్‌బుక్కు మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాసుకున్నాను. నాలుగోది తప్పింది నేను. మిగతా మూడూ ఎవరెవరు తప్పారో ఇప్పుడు చెబుతాను.

పదో తరగతిలో జిల్లా పోటీ వచ్చింది. మీ ఊళ్ళో ఉండి, కంప్యూటర్‌లో ఎక్కడా దొరకని విషయం ఏదైనా సేకరించి పెట్టండి అన్నారు. గెలిచినవాళ్ళకి తిరువనంతపురంలో నెల్లాళ్ళ శిబిరం. నాకు వెంటనే మా అచ్ఛమ్మ బీడీ షెడ్డు తట్టింది. నాన్నకి అమ్మ, నాకు అచ్ఛమ్మ. పేరు కార్త్యాయని. నలభై ఏళ్ళుగా ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, బీడీలు చుడుతోంది. ఒకప్పుడు మూడొందలమంది కూర్చున్న షెడ్డులో ఇప్పుడు ముప్పై ఒక్కమందే మిగిలారు. వాళ్ళ మాటలు వాళ్ళతోనే పోతాయి. చిరిగిన ఆకుకొక పేరు, ముడి జారిన బీడీకొక పేరు. లోపల పొగాకు తక్కువైన బీడీని 'ఓట్లప్పటి మాట' అంటారు. ఇవి ఏ నిఘంటువులోనూ లేవు.

అడిగితే అచ్ఛమ్మ ముందు ససేమిరా అంది.

"మా మాటలు పట్టుకెళ్ళి ఎవరి పేరున పెట్టుకుంటారే? సమ్మె రోజుల్లో మా ఆయన, మీ అచ్ఛాచ్ఛన్, పాట కట్టాడు. ఊరూరా పాడారు. తర్వాత పుస్తకంలో వేసి కింద 'రాసినవారు తెలియదు' అన్నారు. రాసినవాడు అప్పుడు మా అరుగు మీద కూర్చుని గంజి తాగుతున్నాడు."

"ప్రతి మాట పక్కనా చెప్పినవాళ్ళ పేరు రాస్తాను అచ్ఛమ్మా. గొంతు కూడా పెడతాను. ఒట్టు."

"ఒట్టు నా మీద వెయ్యకు, నీ మీద వేసుకో."

వేసుకున్నాను. నాలుగు నెలలు బడి వదలగానే షెడ్డుకి వెళ్ళేదాన్ని. అక్కడ ఎత్తుబల్ల మీద, మేమంతా అన్న అని పిలిచే పవిత్రేట్టన్ కూర్చుని పేపరు పైకి చదువుతుంటాడు. అందరూ వింటూ చుడతారు. ఆయన చుట్టాల్సిన బీడీలు తలా కొన్ని చుట్టి ఆయన చాటలో వేస్తారు. మా అచ్ఛమ్మ బడి గడప తొక్కలేదు, కాని శాసనసభలో ఎవరు ఎవర్ని ఏమన్నారో నాకంటే బాగా చెబుతుంది. పేపరు అయిపోయాక నేను ఫోను పట్టుకుని వాళ్ళ మధ్య కూర్చునేదాన్ని.

ఒకరోజు కత్తెర చూపించి, "దీన్నేమంటారు?" అన్నాను.

"నాత్తూన్," అంది అచ్ఛమ్మ, తల ఎత్తకుండా.

షెడ్డంతా గొల్లుమంది. నాత్తూన్ అంటే ఆడపడుచు. అచ్ఛమ్మ ఆడపడుచు నాణి, నాకు నాణి అచ్ఛమ్మ, సరిగ్గా అచ్ఛమ్మ వెనకే, వీపు వీపుకి ఆనేంత దగ్గర్లో, నలభై ఏళ్ళుగా కూర్చుని బీడీలు చుడుతోంది. పెళ్ళైన మూడో రోజు చేపల కూరలో పులుపెక్కువైందన్న మాట దగ్గర చెడిన ఆ ఇద్దరికీ ఇప్పటివరకూ మాటల్లేవు.

"కత్తెరకి ఆ పేరెందుకు?"

"ఎటు తిప్పినా కోస్తుంది గనక," అంది అచ్ఛమ్మ. నాణి అచ్ఛమ్మ విననట్టే ఆకు మడుచుకుంది.

ఫైల్‌లో అలాగే రాశాను. మాట: నాత్తూన్. అర్థం: కత్తెర. చెప్పింది: కార్త్యాయని. గమనిక: షెడ్డులో ఇంకెవరూ అలా అనరు, అచ్ఛమ్మ తన ఆడపడుచు మీద కోపంతో పెట్టుకున్న పేరు.

నూట పన్నెండు మాటలయ్యాయి. నాకున్నది పగిలిన ఫోను. ఆర్ద్ర ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది. ఫైల్‌లో గడులు సరిచేసి పెడతానంది. "పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదులే, నా పేరేగా," అని కన్ను గీటింది. సరిగ్గా గడువుకి పది రోజుల ముందు నాకు ఆటలమ్మ పోసింది. ఆర్ద్ర కిటికీ అవతలే నిలబడి, "నువ్వు పడుకో, నేను పంపేస్తాగా. మనిద్దరిదీ ఒకటే కదా," అంది. ఆ మాటకి నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పోటీ రోజుకి మచ్చలు మానకుండానే తయారై వెళ్ళాను. హాల్లో తెర మీద నా ఫైల్ కనపడింది. పైన ఒక్కటే పేరు, ఆర్ద్ర. సర్లే, ఇద్దరివీ పట్టలేదేమో అనుకున్నాను. అప్పటికీ అలాగే అనుకున్నాను, అంత మొద్దుని. తర్వాత గడులు చూశాను. మాట ఉంది, అర్థం ఉంది. చెప్పినవాళ్ళ పేర్ల గడి లేదు. గొంతులు లేవు. గమనికలు లేవు. ముప్పై ఒక్కమందిలో ఒక్కరూ లేరు.

న్యాయనిర్ణేతల్లో కళ్ళద్దాలావిడ ముచ్చటపడుతూ అడిగింది. "కత్తెరని ఆడపడుచు అంటారా? భలే ఉందే! ఎందుకంటారమ్మా?"

ఆర్ద్రకి తెలియదు. ఆ గమనిక చదవకుండానే తుడిచేసిందని నాకప్పుడే అర్థమైంది. కాని ఆమె తడుముకోలేదు. "శ్రామిక మహిళల జీవితంలో కత్తెర విడదీయరాని తోడు. కుటుంబ బంధాలకు ప్రతీకగా, ఆప్యాయతతో ఆ పేరు పెట్టుకున్నారు," అంది. అది ఆర్ద్ర మాట కాదు, మనిషి మాట కూడా కాదు. ఏదడిగినా లేదనకుండా అల్లి ఇచ్చే యంత్రం చేత రాయించుకుని బట్టీ పట్టింది. ఆవిడ తల ఊపి రాసుకుంది. మొదటి బహుమతి.

వరండాలో చెయ్యి పట్టుకుని ఆపాను. "పేర్లు ఎందుకు తీసేశావే?"

"రేషన్ లిస్టులా ఉంది దిల్నా. ఎవరు చదువుతారు అన్ని పేర్లు? చూడ్డానికి నీట్‌గా ఉండాలి."

"నా పేరో?"

"ఒక్కరి పేరే పెట్టాలన్నారు. నువ్వు మంచం మీదున్నావు. నేను లేకపోతే అసలు పంపేదానివేనా?" చెయ్యి విడిపించుకుంది. "అయినా తాళం నేను దొంగిలించానా? నువ్విచ్చిందేగా."

మాష్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన అంతా విన్నారు, బహుమతి కప్పు పట్టుకున్న పిల్లలవైపు చూశారు, నావైపు చూశారు. "చూడు మోళే, మా తల్లివి కదూ, బహుమతి బడికి వచ్చింది. ఇప్పుడు గొడవ చేస్తే అది కూడా పోతుంది. వచ్చే ఏడు నువ్వు ఇంకోటి చెయ్యి." కంచే చేను మేస్తే ఇంక మొర ఎవరితో పెట్టుకుంటాం? ఎవరి దగ్గర తీసుకున్నామో వాళ్ళ పేరు రాయాలని నాకు నేర్పింది ఆయనే.

ఇంట్లో చెప్పలేదు. కాని మా షెడ్డులో పేపరు చదువుతారన్న సంగతి మరిచిపోయాను.

మూడో రోజు నేను అచ్ఛమ్మకి అన్నం క్యారేజీ తీసుకెళ్ళేసరికి పవిత్రేట్టన్ చదువుతున్నాడు. "బీడీ కార్మికుల మాటలకు డిజిటల్ కోశం. విద్యార్థిని ఆర్ద్రకు ప్రథమ బహుమతి. పొగాకు తక్కువైన బీడీని ఓట్లప్పటి మాట అంటారని..." షెడ్డు నవ్వింది. "కత్తెరను ఆప్యాయతతో నాత్తూన్ అని పిలుచుకుంటారని..." ఈసారి నవ్వు పైకప్పు రేకులకి తగిలింది. ఎవరో "ఆప్యాయతట!" అని కళ్ళు తుడుచుకున్నారు.

అచ్ఛమ్మ నవ్వలేదు. కత్తెర కింద పెట్టింది. "పవిత్రా, నా పేరుందా?"

ఆయన పేపరు మళ్ళీ కింద నుంచి పైకి వెతికాడు. "లేదు కార్త్యాయనేచి."

"రోహిణిది? బాలన్‌ది?"

"ఎవరిదీ లేదు."

ముప్పై చాటల మీద చేతులు ఆగిపోయాయి. అందరూ గుమ్మంలో క్యారేజీతో నిలబడ్డ నన్ను చూశారు. అచ్ఛమ్మ అడిగింది. "ఎవరికిచ్చావే మా మాటలు?"

అరిచినా బాగుండేది. మెల్లగా అడిగింది. తాళం నేనే ఇచ్చానని చెప్పాను. ఆటలమ్మ గురించి, గడువు గురించి కూడా చెప్పబోయాను. కాని నాకే అవి సాకుల్లా వినపడి ఆపేశాను.

"ఎవరిదో పుస్తకంలో రాసినవారు తెలియదన్నారంటే సరే, వాళ్ళు మనవాళ్ళు కారు," అంది అచ్ఛమ్మ. "నువ్వు ఒట్టేశావు." ఆ రోజు నా క్యారేజీ విప్పలేదు.

అక్కణ్ణుంచి నేరుగా మా ఊరి గ్రంథాలయానికి వెళ్ళాను. అక్కడి కంప్యూటర్‌లో నా ఖాతా తెరిచాను. తుడిచేసినవి కూడా ఫైల్ పాత రూపాల్లో దాగి ఉంటాయని, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అందులో తెలుస్తుందని మాషే చెప్పారు. పేర్లు తిరిగొస్తాయి, ఆర్ద్ర దొంగతనమూ దొరుకుతుంది అనుకున్నాను. పేర్లన్నీ దొరికాయి. కాని పేర్ల గడి తుడిచిన చోట, గొంతులు తీసేసిన చోట, ప్రతి మార్పు పక్కనా ఒకటే పేరుంది. మార్చినవారు: దిల్న.

నా తాళంతో, నా ఖాతాలోంచే చేసింది. కంప్యూటర్‌కి తెలిసినంతవరకూ అచ్ఛమ్మ పేరు తుడిచింది నేనే. అదే రోజు పోటీవాళ్ళకి ఉత్తరం పంపాను. వారానికి జవాబొచ్చింది. మూల ప్రతిలో మార్పులు మీరే చేసినట్టు నమోదై ఉంది, కాబట్టి ఫిర్యాదు స్వీకరించలేం అన్నారు. పదిహేనేళ్ళొచ్చి తెరముందు కూర్చుని అంత ఏడవడం అదే మొదలు. గ్రంథాలయం పెద్దాయన ఫ్యాను వేసి, ఏమీ అడక్కుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఆ జవాబు కోసం ఆగలేదు లెండి. ఉత్తరం పంపిన మర్నాడే పేర్లున్న పాత రూపాన్ని ఫోనులోకి ఎక్కించుకుని, క్యారేజీ పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. అచ్ఛమ్మ మొహం తిప్పుకుంది. ఫోను పవిత్రేట్టన్ చేతిలో పెట్టాను. ఆయన ఒకసారి చూసి, పేపరు మడిచి పక్కన పెట్టాడు. వార్తలు చదివే గొంతుతోనే మొదలుపెట్టాడు.

"ఓట్లప్పటి మాట. అర్థం, పొగాకు తక్కువైన బీడీ. చెప్పింది, బాలన్."

తమ పేరు వచ్చినప్పుడల్లా ఒక్కొక్కరూ చెయ్యి ఆపి వినేవారు. రోహిణేచి కొంగు సర్దుకుంది, ఎవరో ఫొటో తీస్తున్నట్టు. పవిత్రేట్టన్ చదువుతూ చదువుతూ ఒక చోట ఆగిపోయాడు. అచ్ఛమ్మ వైపు, ఆ వెనక నాణి అచ్ఛమ్మ వైపు చూశాడు.

"చదువు," అంది అచ్ఛమ్మ. "దాచడానికేముంది?"

"నాత్తూన్. అర్థం, కత్తెర. చెప్పింది, కార్త్యాయని." గొంతు తగ్గించాడు. "తన ఆడపడుచు మీద కోపంతో పెట్టుకున్న పేరు."

ఎవరూ నవ్వలేదు. నాణి అచ్ఛమ్మ చుడుతున్న బీడీకి ముడి వేసి, కొస కత్తిరించి, నన్ను పిలిచింది.

"ఇలా రావే. ఊళ్ళో అందరి కత్తెరలూ అడిగావు, నా దాని పేరు అడిగావా?"

"లేదు నాణి అచ్ఛమ్మా."

"కార్త్యాయని," అంది కత్తెర పైకెత్తి. "నలభై ఏళ్ళనుంచీ అదే పేరు. రాసుకో. చెప్పింది నాణి అని కూడా రాయి, మర్చిపోయేవు."

అచ్ఛమ్మ వీపు కదిలింది. కోపమో నవ్వో ముందునుంచి చూసినవాళ్ళకే తెలియాలి. నేను అందరి ముందే రాసుకున్నాను, నూట పదమూడో మాట. అయ్యాక అచ్ఛమ్మ క్యారేజీ ఇమ్మని చెయ్యి చాపింది.

ఆర్ద్ర తిరువనంతపురం వెళ్ళింది. అక్కడినుంచి సముద్రం ఫొటో పంపి, 'ఇంకా కోపమేనా?' అని అడిగింది. కోపం కాదు ఆర్ద్రా. కోపమైతే కత్తెరకి నీ పేరు పెట్టుకునేదాన్ని. నిన్ను చూస్తే ఇప్పటికీ ముందు సంతోషమేస్తుంది, తర్వాత గుర్తొస్తుంది. అదీ నువ్వు చేసింది.

ఆ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చాను. పాతది ఒకసారి కొట్టమంది. నీ పేరు, నీ పుట్టినరోజు ఆఖరిసారి కొట్టాను. కొత్తది ఏమిటో ఎవరికీ చెప్పను. మనిషి పేరు మాత్రం కాదు.