అతికించిన పల్లవి

ఇంట్లో పాట రికార్డు చేసుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో తేల్చుకోలేక నేనూ మా బావమరిదీ రెండు వారాలు తలలు బద్దలు కొట్టుకున్నాం. బావమరిదిని మేమంతా డెమో అంటాం. ఏది కొందామన్నా ముందు ఊరికే ఇచ్చే డెమో వాడి చూస్తానంటాడు. ఆ తర్వాత ఇంకోదాని డెమో వెతుక్కుంటాడు. బట్టల కొట్టులో బీరువాల్లో ఉన్నవన్నీ దింపించి, చివరికి జేబురుమాలు కొనుక్కుని వచ్చే రకం.

అసలు అవసరం మా మరదలిది. ఆమెకు ఓడలో వంటపని దొరికింది. సముద్రం పేరు చెబితేనే కాళ్లు చల్లబడే పిల్ల. "అక్కా, అమ్మ నేర్పిన ప్రార్థన పాట నీ గొంతుతో పంపించు. నడిసముద్రంలో ఫోను పలకదట. పొద్దున్నే ఆ పాట వింటే చాలు, ధైర్యంగా ఉంటాను" అని మా ఆవిడను అడిగింది. తెల్లవారితే ఓడ ఎక్కాలి. ఇక్కడ మాకింకా సాఫ్ట్‌వేరే కుదరలేదు.

వడపోయగా మూడు మిగిలాయి. మొదటిది తెరిస్తే తెర నిండా మీటలే, విమానం నడపమన్నట్టు ఉంటుంది. రెండోది మహా తెలివైనది. శ్రుతి తప్పితే సరిచేస్తుంది, ఒకచోట పాడింది తీసి ఇంకోచోట అతికిస్తుంది. మూడోదానికి అంత చదువు లేదు. ఎర్ర బటన్ నొక్కితే రికార్డు చేస్తుంది, మళ్లీ నొక్కితే ఆపుతుంది.

"రెండోదే బావా. కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు డెమో.

"ఇన్నాళ్లూ కళ్లు మూసుకునే కదరా నీ మాట విన్నాను!"

అన్నానే గానీ, నాకూ అదే నచ్చింది.

పడకగదిలో బీరువా తలుపులు బార్లా తెరిచాం, గోడల ప్రతిధ్వనిని బట్టలు పీల్చుకుంటాయని. కిటికీకి దుప్పటి కట్టాం. ఫ్యాను ఆపాం. మా ఆవిడ చెమటలు కక్కుతూ మైకు ముందు నిలబడి పల్లవి పాడింది, మొదటి చరణం పాడింది. మళ్లీ పల్లవి అందుకోబోతుంటే డెమో చెయ్యెత్తాడు.

"అక్కర్లేదక్కా. పల్లవి ఒకసారి పాడావుగా, మిగతాచోట్ల నేను అతికిస్తాను. నువ్వు చరణాలు కానిచ్చెయ్. నీకు శ్రమ తగ్గుతుంది."

మూడు చరణాలూ అయ్యాక ఆమెను ముందుగదిలో ఫ్యాను కిందకు పంపి, మేమిద్దరం అతికించాం. ఎక్కడా అతుకు కనబడలేదు. నాకే ముచ్చటేసింది.

ఆమె వచ్చి మొత్తం విన్నది.

"మొదటి పల్లవి నాది. మిగతా మూడూ ఎవరివి?"

"అన్నీ నీవేనక్కా!"

"నేను పాడలేదుగా. నాలుగుసార్లూ 'తండ్రీ' అన్నాక సరిగ్గా ఒకేలా ఊపిరి పీల్చాను. మనిషన్నవాళ్లు అలా పాడతారా?"

"మాటలు అవే కదా, రాగమూ అదే" అన్నాను నేను.

"రోజూ దేవుడికి దణ్ణం పెడతారు కదండీ. ఇవాళ ఒకటి పెట్టేసి, నెలంతా దాన్నే అతికిస్తారా?"

ఇన్నేళ్లుగా ప్రార్థన చేస్తున్నాను. అవే మాటలు మళ్లీ మళ్లీ ఎందుకంటామో ఎప్పుడూ ఆలోచించలేదు. మొదటిసారి దేవుడికి వినబడక కాదు కదా! చరణంలో కష్టం చెప్పుకుని తిరిగి పల్లవికి వచ్చేసరికి మనమే కాస్త మారిపోతామేమో. అప్పుడది పాత పల్లవి ఎలా అవుతుంది?

"ఇది పంపొద్దు. నా చెల్లెలికి నేను పాడిందే వెళ్లాలి" అంది.

"టైము లేదక్కా! రేపే ఓడ!"

"అయితే కబుర్లాపి, ఆ చదువులేనిదాన్ని తెరువు."

మూడోది తెరిచి ఎర్ర బటన్ నొక్కాం. ఆమె ఎక్కడా ఆపకుండా పాడింది. రెండో పల్లవి మెల్లగా వచ్చింది. మూడోది గట్టిగా, దూరాన ఉన్నవాళ్లను పిలిచినట్టు. చివరి పల్లవిలో, చెల్లెలు కళ్లముందు మెదిలిందో ఏమో, గొంతు వణికింది. అలాగే పూర్తిచేసింది.

డెమో చెయ్యి మౌసు మీదకు పోయింది.

"చెయ్యి తియ్యరా."

"చివర్లో వణికిందక్కా, ఒక్క నిమిషంలో..."

"వణికింది నేనేగా. ఉండనీ."

అలాగే పంపాం.

పొద్దున్నే రేవు నుంచి మరదలు ఫోను చేసింది. వెనక ఓడ కూత, గాలి హోరు. ఏడుస్తుందేమోనని ముగ్గురం ఫోను చుట్టూ మూగాం.

"అక్కా, చివర్లో నీ గొంతు వణికిందేం? నా గురించి భయపడుతున్నావా? పిచ్చి అక్కా! ఇది ఓడే, తెప్ప కాదు. ఇంత పెద్ద మేడలా ఉంది. నాకేం కాదు. నువ్వే ధైర్యంగా ఉండాలి. బావగారూ, అక్కను కాస్త చూసుకోండి."

ఫోను పెట్టేశాక మా ఆవిడ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "చూశారా, అది నాకు ధైర్యం చెబుతోంది!"

మూడోదే ఖాయం చేశాం. మిగతా రెండూ తీసేయమన్నాను. డెమో మొదటిది తీసేసి, రెండోదాని దగ్గర ఆగాడు.

"ఇదొక్కటీ ఉండనీ బావా. మనిద్దరి గొంతులకు ఇదే దిక్కు."