ఏడో లైనులో పేరు

అయినా ఆ నవ్వేమిటి, పక్క సీటు అక్క కాఫీ కప్పు పట్టుకొని వెళ్తూ ఏంటమ్మాయ్, మళ్ళీ మొదటినుంచా అని నవ్వింది, తెలిసి నవ్విందా, తెలియకుండా ఎలా ఉంటుంది, ఎవరు ఏ మార్పు చేశారో వరసగా చూపించే గిట్ లాగ్‌లో రెండు నెలల నా పనంతా ఆమె పేరు మీదే ఉంది, నేను యాడ్ చేసి, కమిట్ అని నమోదు చేసి, అందరూ వాడే కోడ్‌లోకి పుష్ చేసిన ప్రతి అక్షరమూ, నా తప్పుల ఇంగ్లీషుతో సహా, పొద్దున మేనేజర్ గారు స్క్రీన్ నా వైపు తిప్పి నీ పేరుతో ఒక్క కమిట్టూ లేదేంటమ్మా, నిన్ను పర్మనెంట్ చెయ్యాలంటే పైవాళ్ళకి ఏం చూపించను అన్నారు, నోరు జారింది, అక్క కొట్టేసిందండీ అన్నాను, ఆయన పెన్నుకు మూత పెట్టేశారు, నాలుగింటికి ఇద్దరినీ పిలుస్తా, ఈలోగా ఆ ఖాళీ కంప్యూటర్‌లో అంతా మొదటినుంచి పెట్టి నడిపించు, నీ పనో కాదో చూద్దాం అన్నారు.

మూడూ పది, నడిపిస్తాను, కళ్ళు మూసుకొని నడిపిస్తాను, కోడ్ మొత్తం ఇందులోకి దించుకునే క్లోన్, తర్వాత ఈ ప్రాజెక్టుకే విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, వేరే ప్రాజెక్టుల సరంజామా ఇందులోకి రాకుండా, యాక్టివేట్, ఇన్‌స్టాల్, చేరిన రోజున అక్క రాసిచ్చిన చీటీయే ఇదీ, అప్పుడెంత మంచిదనుకున్నాను, రోజూ సాయంత్రం ఇవాళ ఏం పుష్ చేశావే అని అడిగేది, ఆప్యాయతా, ఆరా తీయడమా, నేను భోజనానికి వెళ్ళినప్పుడు నా సీట్లో ఎవరు కూర్చున్నారు, నా పాస్‌వర్డ్ మొదటిరోజు ఆమె ముందే కొట్టాను కదా.

చీటీలో ఏడో లైను, గిట్ కాన్ఫిగ్, యూజర్ నేమ్, ఈ కంప్యూటర్‌లో చేసే పని ఎవరి పేరున నమోదవ్వాలో చెప్పే చోటు, దాని పక్కన అక్క పేరు, కింద అక్క ఈమెయిలు, నా వేళ్ళు ఆ పేరులో మూడక్షరాలు టైపు చేసి ఆగాయి, ఆమె తన కంప్యూటర్‌లోది చూసి రాసింది, ఆరోజు నేనూ చూసి ఎక్కించాను, చుక్క కూడా మార్చలేదు, మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, బస్సెక్కిస్తూ నాన్న అన్నాడు, పెద్దవాళ్ళు రాసిచ్చింది రాసిచ్చినట్టు చెయ్యి తల్లీ, సొంత తెలివి చూపించకు, చూపించలేదు నాన్నా, అక్క కుర్చీ ఇటు తిప్పి యాక్టివేట్ చేశావా, మొన్నటిలా మర్చిపోయి కూర్చుంటావ్ మళ్ళీ అంటోంది, ఆమెకింకా ఏమీ తెలియదు, నాలుగింటికి ఆమెను ఏమని పిలుస్తారు, లేచాను, మేనేజర్ గారి తలుపు తట్టాలి, ఎవరూ ఏమీ కొట్టెయ్యలేదు, పేరు అడిగినచోట నా పేరు రాసుకోవచ్చని నాకే తోచలేదు.