చప్పుడు ఆగితే

నవ్వనీ తియ్యి, నవ్వితే ముత్యాలు రాలుతాయా, అనుకుంది కొమురవ్వ, దవాఖాన బల్ల మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే తన మొగుడు లక్ష్మీరాజం గుర్రు పెడుతుంటే ఎదుటి పిల్ల చున్నీ అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు, సిరిసిల్లలో ముప్పై ఏండ్లు సాంచల, అదే మరమగ్గాల, మోతలో కాపురం చేసినదానికి ఈ గుర్రొక లెక్కనా, ఆ మోత ఉంటేనే తనకు నిద్ర, కరెంటు పోయి సాంచలాగితే వాడకట్టంతా దిగ్గున లేచేది, చప్పుడాగిందంటే పోగు తెగినట్టేనే, లేచి సూడు, అనేది అత్త, పుణ్యాత్మురాలు, పోయి పదేండ్లయినా ఆ మాట చెవిలోనే ఉంది, చేతిలో ఆయన మూడు నెలల షుగర్ కాగితం, మళ్లీ పెరిగింది, అన్నం తగ్గించి జొన్నరొట్టె చేసె, చాయిలో చక్కెర బంద్ చేసె, గోలీలు తానే చేతికిచ్చె, అయినా పెరిగిందంటే దొంగతిండేనని నిన్న అంగీ జేబులు కూడా వెతికింది, ఛీ, పల్లీపట్టి ముక్కయినా దొరికితే తిట్టడానికి ఉండేది, మొన్న సాంచ ముందు నిలబడే కునికిండట, పక్క సాంచ బుచ్చిరాములు వెనక్కి గుంజకపోతే ఆ చెయ్యి ఏమయ్యేదో, నిద్ర మంచిగ పడుతుందా, అది చెడినా షుగర్ పెరుగుతది, అని పోయినసారి డాక్టరు అడిగితే, నాకేంది సారూ, పన్నంక గుర్రే, అన్నాడు ఈయన, తానూ తలూపింది, మొగుని నిద్ర సంగతి నలుగుట్ల చెప్పుకుంటారా అని, ఈసారీ తగ్గకుంటే సూదిమందే అన్నాడు డాక్టరు.

గుర్రు ఆగింది.

తనకు తెలియకుండానే లేచి ఆయన ఛాతీ మీద చెయ్యి వేసింది, కదలిక లేదు, ఎదుటి పిల్ల నవ్వు కూడా ఆగింది, ఓ అయ్యా, ఓ అయ్యా అని కుదిపితే నీళ్లలోంచి తేలినట్టు ఒక్క ఎగశ్వాస, కళ్లయినా తెరవలేదు, మళ్లీ గుర్రు, ఇంట్లో రాత్రికి ఎన్నిసార్లో ఇదే తంతు, తనకు మెలకువ రావడం, తట్టడం, ఆయన అటు తిరగడం, వయసు మీదపడి తన నిద్రే చెడింది అనుకుంది ఇన్నాళ్లు, అయ్యో పిచ్చిదానా, చప్పుడాగినప్పుడే కదా నీకు మెలకువ, రాత్రంతా తెగుతూనే ఉన్నదాన్ని నిద్ర అనుకుని ఆయన కంచం మీద పడ్డావు, జేబులు వెతికావు.

లక్ష్మీరాజం అని లోపలినుంచి పిలిచారు, కండ్లు నలుపుకుంటూ నడిచాడు, నిద్రెట్లుంది అని డాక్టరు అడగనే అడిగాడు, మస్తు నిద్ర పడ్తది సారూ, అనబోతుంటే కొమురవ్వ ఆయన భుజం మీద చెయ్యి వేసింది, సిగ్గెందుకు, ఆయన నిద్ర ఆయనకేం తెలుసు, చూసింది తనొక్కతే.

ఆయన్ని అడుగకుండ్రి సారూ, నన్నడుగుండ్రి, నిద్రల ఈయన ఊపిరి ఆగుతది.