జీలుగు చెట్టుకో కోడ్

రోగాలకి కోడ్‌లు వెయ్యడం సుజానా ఉద్యోగం. సాలూరు దగ్గర కొండ కిందున్న ఆ మిషన్ ఆసుపత్రికి బీమా వచ్చిన కొత్త. విరిగింది కుడికాలా ఎడమకాలా, పడింది మెట్ల మీంచా మంచం మీంచా, అన్నిటికీ వేరువేరు కోడ్‌లు. సరైనది వెయ్యకపోతే బీమా కంపెనీ కేసు తిప్పి పంపేది.

ఆ పనిలో కూర్చుంటే చాలు, సుజానాకి నాన్న గుర్తొచ్చేవాడు. తొంభైల్లో నతానియేల్ కాంపౌండరంటే అనంతగిరి డిస్పెన్సరీలో అందరికీ చనువే. "ఎక్కడ నొప్పి?" అనేవాడు తప్ప "ఎలా పడ్డావు?" అని ఎవర్నీ అడిగి ఎరగడు. నయమైనవాళ్లు పనసకాయ మోసుకొచ్చి గుమ్మంలో పెట్టి వెళ్లేవారు. ఎంత హాయైన రోజులవి! నాన్న అడగని ఆ ప్రశ్న అడగడానికే ఇప్పుడు కూతురికి జీతం.

పాచిపెంట పైనున్న ఊరి నుంచి ముసలి గాసిని డోలీలో మోసుకొచ్చారు. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వెయ్యకపోతే ఇక నడవలేడన్నాడు డాక్టరు రాబిన్. ఎలా పడ్డావని అడిగితే "గట్టు మీంచి జారిపోనానమ్మా" అన్నాడు గాసి. గుండెల నిండా బెరడు గీసుకుపోయిన గాట్లు. సుజానా చూసి కూడా చూడనట్టు ఊరుకుంది. కల్లు గీసే జీలుగు చెట్టు మీంచి ఎవడైనా పడితే ఆ చెట్టు వాణ్ణి వద్దన్నట్టేనని గాసి ఊరి కట్టుబాటు. వాడు మళ్లీ ఎక్కకూడదు, చెట్టు ఇంకొకరికి పోతుంది.

అందుకే "పడ్డాడు, వివరం తెలియదు" అన్న కోడ్ వేసి పంపింది. కంపెనీ ఊరుకుంటుందా? ఎలా పడ్డాడో తేల్చితేనే అనుమతి అంది, ఊళ్లో విచారిస్తామని కూడా అంది. గట్టని రాద్దామంటే ఆ గాట్లు చూసిన డాక్టరు సంతకం పెట్టడు.

సుజానా మంచం పక్కన కూర్చుని దాచకుండా చెప్పేసింది. "తాతా, చెట్టని రాస్తే కాలు దక్కుతాది. కానీ కంపెనీ వాళ్లొచ్చి అడిగితే ఊరికి తెలిసిపోతాది. నన్నేటి చెయ్యమంటావు?"

"మా గుంటడు పుట్టినేడు నాటినానమ్మా దాన్ని. గుంటడు జొరమొచ్చి పోనాడు. సెట్టే మిగిలింది," అన్నాడు గాసి.

అతని భార్య కనక కొంగుతో కళ్లొత్తుకుంది. "నువ్వు కూడా మంచాన పడితే నానేటైపోవాల? రాసీమను."

గాసి గోడకేసి తిరిగి పడుకున్నాడు. అటు తిరిగే, "సెట్టనే రాసీయమ్మా," అన్నాడు. సుజానా చెట్టనే రాసింది.

అనుమతి తొందరగానే వచ్చింది. ఆ కబురు చెబుదామని వార్డుకి పరుగున వెళ్లి, గుమ్మంలోనే ఆగిపోయింది. గాసి తమ్ముడు సోములు మంచం పక్కన తలొంచుకుని నిలబడ్డాడు. గాసి వెల్లకిలా పడుకుని, రెండు చేతులూ పైకెత్తి, లేని చెట్టుని పట్టుకుని చూపిస్తున్నాడు.

"పైన కుడిపక్క బెరడు జారుతాదిరా. ఎడం కాలు ముందెయ్యి. గెలకి కత్తి లోతుగా ఎట్టీకు, దానికి నొప్పెడతాది."