ఫ్లోరమ్మ పటంలోని ఎర్ర సముద్రం

పొద్దున్నే అంట్లు తోముకుని, ఒక గ్లాసు కాఫీ కలుపుకుని, ఫ్లోరమ్మ బైబిలూ ఫోనూ పక్కపక్కన పెట్టుకుని వసారాలో కూర్చుంటుంది. పుంగనూరులో ఆ వీధికంతా ఇది తెలిసిన సంగతే. కుప్పంలో నర్సుగా చేసే కూతురు బీనా ఆ ఫోన్లో ఒక యాప్ ఎక్కించి ఇచ్చింది. పైసా అడగదు. మాట వెతికితే ఏ అధ్యాయంలో ఉందో చెబుతుంది, అర్థం చెబుతుంది, పటాలు చూపిస్తుంది. పటంలో ఏ చోట వేలు పెడితే అక్కడి గాలీ నీళ్లూ ఇంటికి వస్తాయి.

"ఫ్లోరక్కా, కొళాయి రాలేదు. ఆ యొర్దాను నదిని కొంచెం తాకు," అంటూ ఎదురింటి రాజమ్మ బిందె తెచ్చింది.

"పట్టుకో. గలిలయ సముద్రం మాత్రం అడగొద్దు. నిన్నటి చేపల వాసనకి ఊళ్లో పిల్లులన్నీ ఈడనే ఉండాయి."

ఫ్లోరమ్మ మొగుడు విల్సన్‌కి ఈ చదువు గిట్టదు. టైలరు. మంచివాడే, కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. ఆదివారం పాస్టరు చెప్తాడు గదా, మళ్లీ ఇంట్లో యాల అంటాడు. కొత్త సంవత్సరం ఆరాధనలో పళ్లెంలోంచి తీసుకునే, బైబిలు మాట అచ్చేసిన వాగ్దానం కార్డు ఒక్కటి చాలు ఆయనకు. ఏడాదంతా దేవుడి మాట అదే. ఈసారి, ఊరక నిలబడి దేవుడి రక్షణ చూడమని వచ్చింది. దాన్ని కుట్టుమిషనుకు అతికించుకున్నాడు.

తంటా అక్కడే వచ్చింది. షుగరున్న కాలికి మేకు గుచ్చుకుంటే ఆయనకు తెలియనే లేదు, పాపం. పుండు నల్లబడింది. మదనపల్లె ఆసుపత్రికి పోదాం రమ్మంటే కదలడు.

"దేవుడు నన్ను నిలబడమన్నాడు మే. పోతే ఆయన్ని నమ్మనట్టే గదా."

"కాలే పోతే యాడ నిలబడతావు?"

బీనా ఫోన్లో ఏడ్చింది. "అమ్మా, విషం పైకెక్కితే కాలు కాదు, నాయనే మనకు దక్కడు."

ఫ్లోరమ్మ కళ్లు తుడుచుకుని, కార్డులో మాటను యాప్‌లో వెతికింది. నిర్గమకాండం తెరుచుకుంది. ముందు సముద్రం, వెనక ఫరో సైన్యం, జనం గగ్గోలు. నిలబడమన్నది మోషే. ఆ కిందనే దేవుడు అతన్ని అడుగుతున్నాడు, నాకు మొర పెట్టడమెందుకు, జనాన్ని ముందుకు నడవమను అని. ఆమెకి ఒళ్లు మండింది. సగం ముక్క పట్టుకుని మనిషి చావబోతున్నాడే!

"బీనా నాయనా, దీని తరవాత ఏముండాదో విను."

"నీ ఫోను చెప్తే నేను వినాల్నా?"

"వినొద్దులే. సూడు." ఆయన చెయ్యి లాగి పటంలో ఎర్ర సముద్రం మీద వేలు పెట్టించింది.

తూర్పుగాలి లేచింది. కుట్టిపెట్టిన జాకెట్లు ఎగిరిపోయాయి. మెట్ల దగ్గర్నుంచి బస్టాండు దాకా వీధంతా ఉప్పునీళ్లు నిండి, నడుమ రెండుగా చీలి గోడల్లా నిలబడ్డాయి. మధ్యలో పొడినేల. ఆటోలవాళ్లు పక్కకు జరిగారు.

"ఫ్లోరక్కా, నా వడియాలు తడిసిపోతాండాయి! బిన్నా పోండి, తొందరగా!" రాజమ్మ మిద్దె మీదనుంచి అరిచింది.

విల్సన్ గడపలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిలబడి చూశాడు. ఆయన్ని ఎత్తుకుపోవడానికి ఎవరూ రాలేదు. గాలి తగ్గుతోంది. నీటిగోడలు మెల్లగా వంగుతున్నాయి.

"మే," అన్నాడు చివరికి. "కాలు కోసేస్తారని భయంగా ఉండాది."

ఇన్నాళ్లూ ఆయన నోట రాని మాట అది. ఫ్లోరమ్మ కోపమంతా నీరైపోయింది.

"నాకూ భయమే. భుజం పట్టుకో."

కుంటుకుంటూ ఇద్దరూ నీళ్ల నడుమ నడిచారు. మదనపల్లె బస్సు కండక్టరు చెయ్యిచ్చి ఎక్కించుకున్నాడు.

డాక్టరు రెండు వేళ్లు తీసేసి పాదం నిలబెట్టాడు. సాయంత్రానికి బీనా కుప్పం నుంచి వచ్చి నాయన తల నిమురుతూ కూర్చుంది. విల్సన్ కట్టు కట్టిన కాలి వైపు చూసుకున్నాడు, తర్వాత పెళ్లాం వైపు తిరిగాడు.

"మే, మోషే జనం ఆ గట్టు ఎక్కినాక ఏం జరిగింది?"

ఫ్లోరమ్మ కళ్లజోడు పెట్టుకుంది.

"చదువు," అన్నాడు. "ఈ తూరి సగంలో ఆపొద్దు."